కొంగు ముందొచ్చిన రోజు

నేను ఒక నాలుగడుగుల పైపు ముక్కని. బూడిద రంగు, రెండంగుళాల లావు, లోపలంతా ఖాళీ. ఖాళీ అని చిన్నబుచ్చుకునే రకాన్ని కాదు. నన్ను తట్టి చూసి "డొల్ల" అన్న వాళ్ల తలకాయల్ని కూడా నేను దగ్గర్నుంచి చూశాను.

నాతోపాటు ఫ్యాక్టరీలో పుట్టినవాళ్లంతా నీళ్లు మోయడానికి వెళ్లిపోయారు. నేనూ వెళ్లేదాన్నే. మంగళగిరిలో ఒక కొత్త మేడకు బిగించేటప్పుడు కొలత మిగిలిందని నన్ను కోసి ఇసక గుట్ట మీదికి విసిరేశారు. ఆ దారిన పోతున్న జంజనం పానకాలు నన్ను ఎత్తి, ఒక కన్ను మూసి, ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. "వంకర లేదు" అన్నాడు. నన్ను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. పొంగిపోయాను.

పానకాలు నలభై ఏళ్లుగా గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని చీరలు నేస్తున్న మనిషి. మాట తక్కువ. ఆయన కూతురు హైమకు బెజవాడలో ఒక పెద్ద హోటల్లో, వచ్చినవాళ్లను పలకరించి గది తాళాలిచ్చే ఉద్యోగం దొరికింది. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. అక్కడ వైజయంతి మేడమ్ అని ఒక పెద్దావిడ. కౌంటర్లో నిలబడే ఆడపిల్లలు గంజి పెట్టిన నేతచీర కట్టుకోవాలి, దాని మీద ఒక్క ముడత ఉండకూడదు, ఇది ఆవిడ చట్టం. ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి. పొద్దున బస్సులో ఎక్కితే చీర సంగతి అలా ఉంచండి, మనిషే నలిగిపోతుంది. హైమకు సైకిలంటే ప్రాణం. బస్సు వచ్చేలోపు నేను కృష్ణ బ్యారేజీ దాటేస్తాను అనేది. పంజాబీ డ్రెస్సులో పన్నెండు కిలోమీటర్లు తొక్కి, సంచిలో మడతపెట్టి తెచ్చుకున్న చీర అక్కడ కట్టుకునేది. ఆ మడతలే కొంప ముంచాయి. మేడమ్ రెండుసార్లు పిలిచి చెప్పింది. "మూడోసారి చెప్పను" అని కూడా చెప్పింది.

ఆ మాట ఇంట్లో చెప్పి హైమ కళ్లు తుడుచుకుంటుంటే, తల్లి రత్తమ్మ సైకిలు మానెయ్యమంది. పానకాలు బయటికి వెళ్లి నన్ను పట్టుకొచ్చాడు.

"మడతపెట్టేది అమ్ముకునేవాళ్లమ్మా. నేసేవాళ్లం చుట్టుకుంటాం" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి అదే పని. ముందు కొంగుని నా ఒంటికి ఆనించి, తండ్రి ఒక చివర, కూతురు ఒక చివర పట్టుకుని, బిగువు సడలకుండా చీరంతా చుట్టేవాళ్లు. కొంగు లోపల, దోపుకునే కొస పైన. పైనొక పాత పంచె, దాని పైన ప్లాస్టిక్ కాగితం. హోటల్లో హైమ నన్ను గోడకు నిలబెట్టి, పైకొస తీసి దోపుకుని, నన్ను తిప్పుతూ చీర విప్పుకుంటూ కట్టేసుకునేది. చీర నా మీంచి సరాసరి మనిషి మీదికి వెళ్లేది, మధ్యలో నేలని గానీ ఇంకో చేతిని గానీ తాకేది కాదు. ఇందులో సగం గొప్ప నాది. మిగతా సగం వాళ్లు పంచుకోవచ్చు.

క్యారేజీ మీద కడితే నేను వెనక్కి రెండడుగులు పొడుచుకొచ్చేదాన్ని. లారీ మీది ఇనప చువ్వలకు కట్టినట్టు పానకాలు నా చివర ఎర్రగుడ్డ కట్టాడు. బ్యారేజీ మీద పొద్దున నడిచే పెద్దమనుషులు "ఏమ్మా, బోరు ఎక్కడ వేస్తున్నారు?" అని అడిగేవాళ్లు. హైమ "హోటల్లోనండీ" అని నవ్వుతూ వెళ్లిపోయేది. కింద కృష్ణ, పైన చల్లగాలి, నా ఒంటి మీద గంజి వాసన. నీళ్లు మోయడానికి వెళ్లిన నావాళ్ల మీద జాలి వేసేది.

రెండు నెలల పైన మేడమ్ నోరు మెదపలేదు. మూడు నెలలు నిండే రోజునే హోటలు పెట్టి పదేళ్లు నిండాయని వేడుక పెట్టుకున్నారు. యజమానులు వస్తున్నారు, ఆ రోజు ఎవరికి నచ్చిన నేతచీర వాళ్లు కట్టుకోవచ్చన్నారు. సాయంత్రానికి హైమ ఉంటుందో, ఉద్యోగం ఊడుతుందో మేడమ్ చెప్పేస్తుంది.

పానకాలు కూతురికి మాట కూడా చెప్పకుండా వంగపండు రంగు చీర ఒకటి నేశాడు. ముందు రోజు సాయంత్రం అది పూర్తయింది. దాన్ని మగ్గం మీంచి తీసి పరవడానికి ఆయనకు మనసొప్పలేదు. అసలు మడతే ఎరగని చీర కూతురు కట్టుకోవాలనుకున్నాడు. నేసిన బట్ట చుట్టుకునే కర్ర మీంచి సరాసరి నా మీదికే తిప్పేశాడు. పాపం, ఆ మురిపెంలో ఒక సంగతి మరిచాడు. ఆయన కొంగు ముందు నేస్తాడు, కాబట్టి మగ్గం కర్ర మీద కొంగు లోపల ఉంది. ఒక కర్ర మీంచి ఇంకో దాని మీదికి తిప్పితే లోపలిది పైకొస్తుంది. నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాడే చేయగల తప్పు అది. నాకు తెలుసు, కానీ నాకు నోరెక్కడిది?

పొద్దున హోటల్లో పంచె విప్పగానే కొంగు ముందొచ్చింది. రెండో కొస దొరకాలంటే చీరంతా విప్పి కింద కుప్ప పోయాలి. ఆడవాళ్లు చీరలు కట్టుకునే ఆ గదిలో రాత్రి కుళాయి పగిలి నేలంతా నీళ్లు. టైము ఏడుకు పావు తక్కువ. నన్ను గుండెలకు హత్తుకుని వరండాలోకి వచ్చింది. ఆ గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో నాకు వినపడింది.

కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు మస్తాన్ అక్కడ పైపులు కొలుచుకుంటున్నాడు.

"ఏందమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

హైమ అతన్ని చూడలేదు, అతని చేతిలో పైపుని చూసింది. నేత ఇంటి పిల్ల కదా, క్షణంలో తట్టింది.

"అన్నా, ఆ పైపు ఒక్క ఐదు నిమిషాలు ఇస్తావా?"

"తీసుకో. కొత్తదే, ఇంకా దేంట్లోనూ పెట్టలేదు" అని మస్తాన్ భుజం మీది తువ్వాలుతో శుభ్రంగా తుడిచి మరీ ఇచ్చాడు. అతను నన్ను రెండు చేతులా పట్టుకుని మెల్లగా తిప్పుతుంటే, హైమ కొంగుని ఆ కొత్త పైపుకి ఆనించి చుట్టుకుంటూ పోయింది. తిప్పిందాన్ని ఇంకోసారి తిప్పితే సరి. కొంగు లోపలికి వెళ్లింది, దోపుకునే కొస పైకొచ్చింది. నేను మాత్రం ఉత్త పైపునై మిగిలాను. నా పని ఇంకొకడు చేస్తుంటే అసూయ పడాలి గానీ, ఆ పిల్ల మొహం చూశాక అసూయ పడటం నా వల్ల కాలేదు.

ఏడింటికి హైమ కౌంటర్లో ఉంది. తడి గదిలో పెట్టలేక నన్ను వెనక మూలన నిలబెట్టుకుంది. మేడమ్ వచ్చి ముందు నుంచీ వెనక నుంచీ చూసింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం హోటల్లో చాలా పెద్ద మాట.

పదిన్నరకు అద్దాల తలుపు బయట గొడవ వినపడింది. భుజం మీద నాలుగడుగుల పైపుతో, చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయి, పానకాలు నిలబడి ఉన్నాడు. కొత్త చీర మొదలుపెట్టబోతుంటే తప్పు తట్టిందట. రెండో పైపు వెతుక్కుని, దొరికిన ఆటో ఎక్కి వచ్చేశాడు. కాపలా ఆయన "పైపుల పనోళ్లు వెనక గేటు" అంటున్నాడు. లోపల యజమానులు, దండలు, ఫొటోలు. హైమ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కౌంటరు దాటి వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుని ముందు తలుపులోంచే లోపలికి తీసుకొచ్చింది.

మేడమ్ ఎదురొచ్చింది. పానకాలు తలెత్తకుండానే అందుకున్నాడు.

"మేడమ్ గారూ, తప్పు నాది. కొంగు పైకి చుట్టింది నేను. చీర నలిగితే నన్ను అనండి. పిల్లని తీసెయ్యమాకండి."

"ఏ చీర నలిగిందండీ?" అంది మేడమ్.

అప్పుడు తలెత్తి చూశాడు. అంచు నుంచి కుచ్చిళ్ల దాకా, కుచ్చిళ్ల నుంచి భుజం దాకా, మగ్గం మీద పోగు తెగిందేమో వెతికే చూపుతో చూశాడు. ఒక్క ముడత లేదు.

"ఎట్టా కట్టావే?"

"నువ్వు చేద్దామని వచ్చినట్టే నాన్నా. ఇంకో పైపు మీదికి తిప్పి."

పానకాలు కండువాతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఇది మీరు నేసిందా?" అని మేడమ్ చీర అంచు వేళ్లతో పట్టి చూసింది. ఆ తరవాత హైమతో, "సాయంత్రం దాకా ఎందుకమ్మా, ఇప్పుడే చెబుతున్నాను. నువ్వు ఉంటున్నావు. నాన్నగారికి కాఫీ ఇప్పించు" అంది.

మధ్యాహ్నం డ్యూటీ దిగాక హైమ ఎండలో బ్యారేజీ మీద సైకిలు తొక్కుతోంది. వెనక క్యారేజీ మీద పానకాలు, ఆయన ఒళ్లో అడ్డంగా నేనూ, ఆయన తెచ్చిన రెండో పైపూ. మా పొడవుకు దారి చాలక బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు.

"మెల్లగా పోనియ్యవే" అన్నాడు పానకాలు.

"ఏం, నీ చొక్కా నలిగిపోద్దా?" అంది హైమ.

మగ్గం ముందు నలభై ఏళ్లు కిక్కురుమనకుండా కూర్చున్న మనిషి పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి ఆయన ఒళ్లో మేమిద్దరం గలగలమన్నాం. పైపులకు నవ్వు రాదని ఎవరన్నా అంటే నమ్మకండి.