వట్టివేరు పసుపు

ఆ ఎర్ర కారు పరుగెత్తుతున్నంతసేపు బాగానే ఉండేది. నిలబడితేనే దానికి జ్వరం.

రాజపాళయంలో అలాంటి రెండు సీట్ల కారు మరొకటి లేదు. కొండమీది టీ తోటల దొర ఒకడు తన దేశానికి వెళ్ళిపోతూ సౌందరరాజన్‌కి ఇచ్చిపోయాడు. ఆయన రెండేళ్ళు నడిపి, 1958 మాసి నెలలో, వేసవికి ముందు, మా ఆయన పాండురంగన్‌కి అమ్మాడు. వాళ్ళది మా పక్కిల్లే. ఆయన భార్య కర్పగం, నేను ఒకే ఏడాది ఈ వీధికి కాపురానికి వచ్చాం. రెండిళ్ళ నడుమ గోడలో నాలుగు వరసల ఇటుకలు తీయించుకుని, ఆ సందులోంచే కూరలూ కబుర్లూ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలమీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం కూడా ఆ గోడ దగ్గరే ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. మా అక్క కొలంబో పడవెక్కి మళ్ళీ రాలేదు. ఆ ఏడే అమ్మ పోయింది. ఆ తర్వాత నాకు తోడబుట్టినదంటూ ఉంటే అది కర్పగమే. రెండు రోజులు ఆమె గోడ దగ్గరికి రాకపోతే ఏమైందోనని నాకు అన్నం సహించేది కాదు.

కారు మా ఇంటికి వచ్చిన రోజు హారతి పట్టింది కూడా ఆమే.

మర్నాడు మా ఆయన నన్ను ఎక్కించుకుని సత్రపట్టి బయలుదేరారు. అక్కడ మాకు ఆసుపత్రి కట్లకి వాడే గాజుగుడ్డ నేసే మగ్గాల షెడ్డు ఉంది; అందుకే ఊళ్ళో అందరూ ఆయన్ని మొదలాళీ, అంటే యజమాని, అంటారు. దారిలో రైలుగేటు వేసి ఉంది. ఆపితే మళ్ళీ స్టార్టు అవుతుందో లేదోనని ఆయన ఇంజను నడుస్తుండగానే ఉంచారు. వేడి చూపే గడియారంలాంటి దానిలో ముల్లు పైకి పాకింది. ముందునుంచి బుస్సుమని ఆవిరి లేచింది. మా వెనక తళవాయిపురం బస్సు.

"ఏం మొదలాళీ, కాఫీ పెడతా ఉండారా? మాకూ రెండు లోటాలు!" అని బస్సులోంచి ఎవరో అరిచారు. బస్సంతా నవ్వింది.

నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ ఆవిరిలో నేను దంచే పసుపు వాసన వచ్చింది. పొద్దున రాసుకుని స్నానం చేశాను కదా, నా ఒంటి వాసనే అనుకున్నాను.

నా పసుపు ఆ వీధిలో అందరూ ఎరిగినదే. కస్తూరి పసుపులో వాసనకి కిచ్చిలిగడ్డలు, వట్టివేరు వేసి దంచుతాను. ఎంత దంచినా వట్టివేరు సన్నటి పీచు మిగులుతుంది. ఒళ్ళు రుద్దుకోవడానికి బాగుంటుందని జల్లించను. అంతకు ముందు నెలలోనే కర్పగం బియ్యం కొలిచే పడి నిండా అడిగి తీసుకుంది. తళవాయిపురంలో ఆడపడుచు కూతురు పెద్దమనిషయిందని, మంజనీరు, అదే పసుపునీళ్ళు, పోస్తున్నారని చెప్పింది. పసుపు అడిగిన ముత్తయిదువను ఎందుకని అడగకూడదు, లేదని అనకూడదు. పడి తిరిగి వచ్చినప్పుడు దాని నిండా తాటి కలకండ ఉంది. ఎరువు తెచ్చుకున్న గిన్నెను ఖాళీగా పంపడం మా వీధిలో లేదు. అంత దగ్గరదాన్ని, వేడుకకి పిలవలేదేమని లోపల కాస్త నొచ్చుకున్నాను. అంతే.

కారు బాగుచేయడానికి ఆండి వచ్చాడు. బస్టాండు వెనక అతనికి మరమ్మతులు చేసే చిన్న పట్టరై ఉంది. మా షెడ్డు ఆయిలింజనుకి పదేళ్ళుగా అతనే వైద్యుడు. ముందు మూత ఎత్తి చూసి, "పంజు" అన్నాడు.

ఈ ఊళ్ళో ఏ మిషను ఆగినా నేరం పంజుదే. మిల్లుల్లోంచి లేచే పత్తి నూగు గోడగడియారాల్లోకి, మనుషుల గొంతుల్లోకి, అన్నింట్లోకీ పోతుంది. రేడియేటర్ గూళ్ళలోంచి బ్రష్షుతో రెండు గుప్పిళ్ళు తీశాడు. ఇంజను వేసి నిలబెట్టాడు. పదో నిమిషానికి మళ్ళీ పొంగింది.

"పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి దీన్ని చల్లారుస్తాది మొదలాళీ. నిలిస్తే ఫ్యాను ఒకటే గతి," అంటూ రెండో రోజు ఫ్యాను బెల్టు బిగించాడు. పొంగింది. మూడో రోజు థర్మోస్టాట్ అనే రాగి డబ్బీ ఊడదీసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, దీన్ని ఉడకబెట్టాల."

"పులుసులోనా, చారులోనా?" అన్నాను.

నీళ్ళు మరిగేసరికి డబ్బీ నోరు తెరిచింది. "వేడికి తెరుచుకుంటా ఉండాది. ఇది మంచిదే," అని నిట్టూర్చాడు.

ఆ సాయంత్రం సౌందరరాజన్ వచ్చి కారు చుట్టూ తిరిగాడు. "నా దగ్గర రెండేండ్లు ఉండింది, పాండురంగా. ఒక్కనాడు పొంగలేదు. ఇప్పుడేమో దినమంతా ఆండి చెయ్యే దాని కడుపులో ఉండాది," అన్నాడు. ఆ మాటతో ఆండిని మా ఆయన చూసే చూపు మారింది.

నాలుగో రోజు ఆండి ఇంజను ఆపి, కాస్త చల్లారనిచ్చి, రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి మెల్లగా జరిపాడు. "అమ్మా, మీరూ పెట్టి చూడండి." పెట్టాను. ఒకచోట చుర్రుమంది. జానెడు పక్కన చల్లగా ఉంది.

"ఆ చల్లని చోట నీళ్ళు పారడం లేదు. లోపల గొట్టాలు పూడిపోయినాయి," అన్నాడు.

రేడియేటర్ ఊడదీసి తలకిందులుగా నిలబెట్టి, కింది నోట్లోకి గొట్టంతో నీళ్ళు వదిలాడు. బకెట్లోకి ముద్దలు ముద్దలుగా పసుపుపచ్చటి బురద దిగింది. అడుగున సన్నని పగులు కూడా కనబడింది.

"మంజపొడి," అన్నాడు. "లీకు ఉంటే పొడి పోస్తారు. ఆ పూటకి ఓట్ట అడైస్తాది, చిల్లి పూడిపోతాది. ఎక్కువ పోస్తే అంతా అడైస్తాది."

"నువ్వే పోసినావు!" మా ఆయన గొంతు లేచింది. "ఇన్ని దినాలుగా దీన్ని ముట్టింది నువ్వు ఒకడివే."

"నేను పోసుంటే నేనే ఎందుకు విప్పుతాను మొదలాళీ?"

"ఇంకొకడు విప్పేలోపల తానే విప్పినాడు. తెలివైనోడు," అన్నాడు అప్పటికే మా అరుగుమీద చేరిన సౌందరరాజన్.

"సామాన్లు ఎత్తుకోరా! ఒక్క మిల్లు గేటు కూడా నిన్ను తొక్కనియ్యను, చూస్తా ఉండు," అని మా ఆయన అరిచారు.

ఆయన అంతపనీ చేయగలరు. ఆండికి నలుగురు పిల్లలు. అతను మారుమాట లేకుండా వంగి స్పానర్లు ఏరుకుంటూ, బకెట్ వైపు చూసి గొణుక్కున్నాడు: "పంజు కూడా ఉండాదే దీనిలో. లోపలికి ఎట్ల పోయె?"

బురదలో సన్నటి పోగులు. నేను ఒకటి పైకి తీశాను. పత్తి పోగయితే తడిస్తే మెత్తబడుతుంది. ఇది గరుగ్గా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వట్టివేరు. దాని వెనకే కిచ్చిలిగడ్డ.

రైలుగేటు దగ్గర నాకు వచ్చింది నా ఒంటి వాసన కాదు.

తల తిప్పితే గోడ సందులో కర్పగం. ఎంతసేపటినుంచి నిలబడిందో. నోరు విప్పితే ఆమె నాకు లేదు. విప్పకపోతే ఆండికి కూడు లేదు. లోపలికి వెళ్ళి నా పసుపు డబ్బా తెచ్చి, మూత తీసి, మా ఆయన ముందు బకెట్ పక్కన పెట్టాను.

"దీన్ని చూడండి, దాన్ని చూడండి. ఇది ఆండి పొడి కాదు. నా పసుపు."

నేను గోడ దగ్గరికి నడిచాను.

"కర్పగం, తళవాయిపురంలో మంజనీరు ఏ దినం జరిగింది?"

ఆమె తల దించుకుంది.

"పిల్లకి ఎన్నేండ్లు?"

"ఏడు," అంది. "ఆయన అడిగినారక్కా. అంగట్లో అంత మంజ కొంటే ఎందుకని అడుగుతారు. నువ్వయితే అడగవు."

"కారు ఎవరికి అమ్ముతారని తెలుసునా నీకు, అప్పుడు?"

తెలియదని అంటే నమ్మేదాన్ని. అబద్ధమని తెలిసినా నమ్మేదాన్ని.

"తెలుసు," అంది.

సౌందరరాజన్ అరుగు దిగి వెళ్ళిపోయాడు. మా ఆయన బకెట్‌లోకే చూసి, "కాఫీ తాగి పో, ఆండీ," అన్నారు. క్షమించమనడం ఆయనకి అంతవరకే వచ్చు. ఆండి కాఫీ ముట్టలేదు. పగులు మాత్రం సీసంలాంటి ఈయం కరిగించి అతికి, రేడియేటర్ బిగించి, ఇంజను వేసి అరగంట నిలబెట్టాడు. ముల్లు కదలలేదు.

అయిదు నెలలు తిరిగి ఆడి నెల వచ్చేసరికి మగవాళ్ళిద్దరూ మళ్ళీ ఒకే అరుగుమీద పేక పరిచి సీట్లాట ఆడుకుంటున్నారు.

ఆ బకెట్ సంగతి జరిగిన మర్నాడు మాత్రం వాళ్ళ పనిమనిషి చిన్నత్తాయి మా వీధి గుమ్మంలోకి వచ్చింది. గోడ సందులోంచి కాదు. ఎప్పుడో కూర పంపితే వాళ్ళింట్లో ఉండిపోయిన నా ఇత్తడి గిన్నె ఆమె చేతిలో ఉంది. తోమి, తుడిచి, తళతళలాడుతోంది. లోపల ఏమీ లేదు.

నేను గిన్నెలోకే చూస్తున్నాను. చిన్నత్తాయి ఇబ్బందిగా అటూ ఇటూ కదిలింది.

"నేను మరిచిపోయి ఉత్తది తెచ్చినానని అనుకోవద్దమ్మా. రెండు తూరులు లోపలికి పోయి అడిగినాను. ఉత్తదే ఇచ్చి రమ్మన్నారు."