అన్నగారి దగ్గు

మా సమోవాలో చలిగాలి నెలలు మొదలయ్యాయంటే ఆసుపత్రిలో పెద్దవాళ్ళ వార్డు కిటకిటలాడిపోతుంది. ఒక్క రోగి చేరితే వెంట ఇంటిల్లిపాదీ దిగుతారు. మంచాల కింద చాపలు పరుచుకుంటారు, కోకో కాచుకుంటారు, పొద్దుగూకగానే ప్రార్థన పాటలు ఎత్తుకుంటారు. నర్సు సియేనీ అందరికీ మాస్కులు పంచుతుంది. వాళ్ళు బుద్ధిగా తగిలించుకుని, పాటకి అడ్డమొస్తోందని గడ్డం కిందికి లాగేసుకుంటారు.

కొత్తగా చేరినవాళ్ళని సియేనీ మొదట అడిగేది "ఎవరి దగ్గు?" అని. ఎవరి దగ్గర అంటించుకుంటే దగ్గు వాళ్ళ గొంతుతోనే వస్తుంది కదా. మూలమంచం మీది బండమనిషి, పడవ నడిపేవాడు, మనవరాలి గొంతుతో కీచుకీచుమని దగ్గుతున్నాడు. కిటికీ పక్క ముసలావిడ పాస్టరుగారి గొంతుతో దగ్గినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ళు అలవాటుకొద్దీ తలలు వంచుతున్నారు.

లఫాయెలె ఒక్కడే దగ్గడం లేదు. ఒళ్ళు కాలిపోతోంది, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేస్తే ఫ్లూ అని తేలింది. ఏ జబ్బో పుల్ల చెబుతుంది గాని ఎవరిదో చెప్పదు.

"పెద్దాయనా, దగ్గండి. ఛాతీలో కఫం పేరుకుపోతోంది. అది బయటికి రాకపోతే ప్రాణం మీదికొస్తుంది," అంది సియేనీ.

"రావట్లేదమ్మా," అని గొంతుదాకా వచ్చినదాన్ని లటుక్కున మింగేశాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"ఏమయ్యా, దగ్గితే నీ సొమ్మేం పోయింది?" అంది భార్య ఎసెతా. తనకూ జలుబు చేసి తగ్గుతోందని, ఆ వార్డులో మాస్కు ముక్కు మీదే ఉంచుకున్న మనిషి ఆవిడొక్కతే.

అతని భయం అతనిది. వెనకటికి అన్న సెమిసీ పెంచిన పంది ఇతని చేమదుంపల తోటలో పడింది. ఇతను దాన్ని కాల్చి చర్చి విందులో పెట్టించాడు. సంగతి తెలియని సెమిసీ మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. తర్వాత ఊరి సభలో తిట్టుకుని, ఇక ఒకరి మొహం ఒకరు చూసేది లేదని ఒట్లు పెట్టుకున్నారు. ఎసెతా మొగుడి పక్షాన నిలబడి తోడికోడలు మారేతాతో మాట మానేసింది, చర్చిలో పాడే చోటు కూడా మార్చుకుంది. తీరా అన్నదమ్ములకి ఆ కోపం ఏడాదైనా నిలవలేదు. ఇద్దరూ తోట వెనక చేరి దొంగచాటుగా పేకాడుకుంటున్నారు. మొన్న సెమిసీ ముక్క వేసినప్పుడల్లా దగ్గాడు. ఇప్పుడు లఫాయెలె నోరు తెరిస్తే వచ్చేది అన్న గొంతే. తన కోసం ఇన్నేళ్ళు మూతి బిగించుకున్న పెళ్ళానికి ఏం చెప్పుకుంటాడు? ఊపిరాడకపోయినా ఫరవాలేదనుకున్నాడు, మూర్ఖుడు.

మధ్యాహ్నానికి వేలికి తగిలించిన మిషన్లో అంకె పడిపోతూ వచ్చింది. సియేనీ వంగోబెట్టి వీపు మీద చరిచింది. ఒక్క దగ్గు జారిపోయింది. ఊరి సభలో లేచి మాట్లాడే సెమిసీ కంఠం వార్డంతా మోగింది.

"అది బావగారి గొంతు కదూ?" అంది ఎసెతా.

లఫాయెలె దుప్పటి ముసుగేసుకున్నాడు.

"ఇంకొక్కసారి ఆ గొంతు నా చెవిన పడితే లేచి ఇంటికి పోతాను!"

దాంతో అతను మరీ బిగబట్టాడు. పెదాలు నీలంగా మారాయి. ఎసెతా అది చూసింది, భయపడింది. అయినా అన్నమాట వెనక్కి తీసుకోలేకపోయింది.

వార్డు కబురు ఊరికి చేరడానికి ఎంతసేపు? సాయంత్రం ప్రార్థన వేళకి తలుపులోంచి ఒక చాప నడిచి వచ్చింది. పెళ్ళిళ్ళకీ చావులకీ మాత్రమే తీసే మెత్తటి చాప. దాని కింద రెండు జతల కాళ్ళు. మంచం ముందు మోకరిల్లాయి. తప్పు చేసినవాళ్ళు ఇలా చాప కప్పుకుని వస్తారు. ఎదుటివాళ్ళు దాన్ని ఎత్తితే క్షమించినట్టు.

"మాస్కులేవీ?" అని గద్దించింది సియేనీ.

"చాప ఉంది కదమ్మా!" అంది సెమిసీ గొంతు లోపల్నుంచి. "ఎసెతా, వాణ్ణి పేకాటకి పిలిచింది నేనే. పంది తరఫున కూడా క్షమాపణ చెబుతున్నా. వాణ్ణి దగ్గనియ్యమ్మా. నాకున్నది ఒక్కడే తమ్ముడు."

"మీరిద్దరూ హాయిగా ఆడుకున్నారు. వెర్రిదాన్ని నేను, మారేతక్కని వదులుకుని కూర్చున్నా," అంటూ ఎసెతా మొహం తిప్పేసుకుంది. చాప ఎత్తలేదు.

అప్పుడు చాప కింద రెండో జత కాళ్ళు కదిలాయి. ఆపుకుని ఆపుకుని, ఎవరో దగ్గారు. సన్నగా మొదలై చివర్న చిన్న కూతతో ముగిసే దగ్గు, అచ్చం ఎసెతా గొంతుతో. వార్డంతా తిరిగి ఎసెతా వైపు చూసింది.

"నేను దగ్గలేదు," అంది ఎసెతా. నిజమే, ఆవిడ దగ్గలేదు.

"మన్నించవే. ఎంత ఆపుకున్నా ఆగలేదు," అంది చాప కింద మారేతా.

ఎసెతా చెవులదాకా ఎర్రబడింది. "నాకు జలుబుగా ఉంది, ఈ వారం ఏటి దగ్గరికి రావద్దక్కా అని చెప్పానా లేదా?"

లఫాయెలె దుప్పటి తీసి పెళ్ళాం మొహం చూశాడు. ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు. పగలబడి నవ్వాడు. ఆ నవ్వు దగ్గుని లాక్కొచ్చింది. అన్న గొంతుతో మంచం ఊగిపోయేలా దగ్గాడు, సియేనీ పట్టుకున్న గిన్నె నిండేదాకా దగ్గాడు. మిషన్లో అంకె మెల్లగా పైకి పాకింది. ఎసెతా ఏడుస్తూ, నవ్వుతూ లేచి చాప ఎత్తేసింది.

లఫాయెలె మూతి తుడుచుకుని, ఊపిరి కూడదీసుకుని అడిగాడు.

"అన్నయ్యా, పేక ముక్కలు తెచ్చావా?"

సెమిసీ బిక్కుబిక్కుమంటూ మరదలి వైపు చూశాడు. ఎసెతా మారేతాని పక్కన కూర్చోబెట్టుకుని, గడ్డం కిందికి జారిన మాస్కు పైకి లాక్కుంది.

"నలుగురికీ పంచండి, బావగారూ."