స్విచ్‌రూమ్ తాళం

మామయ్యకు కోపం వచ్చి భోజనానికి లేవలేదు. ఇంటి కంప్యూటర్లో కోడలు ఆయన్ని మామూలు ఖాతాలోకి దింపేసింది. ఏ ప్రోగ్రాం కొత్తగా ఎక్కించాలన్నా ఇక అడ్మిన్ పాస్‌వర్డ్, అంటే సర్వాధికారాల పాస్‌వర్డ్, కావాలి.

"ముప్పై ఏళ్లు మిల్లులో కరెంటు పని చూశాను. పదిహేనుమందిని అదిలించాను. నా ఇంట్లో నాకే అధికారం లేదా?"

"నాకూ లేదు మామయ్యా. నాదీ మామూలు ఖాతాయే."

"అయితే యజమాని ఎవరు? ఆ డబ్బానా?"

కోడలు దర్జీ. బజారు బట్టలు పట్టని ఒళ్లకు కుడుతుంది: వెన్ను వంగినవాళ్లకు, ఒక చెయ్యి పొట్టిగా ఉన్నవాళ్లకు. తొమ్మిదేళ్లుగా గీసిన నమూనాలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. పోయిన నెల మామయ్య పేకాట అనుకుని ఏదో నొక్కాడు. దాంతో లోపల దూరిన వైరస్ దరిద్రం సగం నమూనాలను తెరుచుకోకుండా చేసింది. కంప్యూటర్లు బాగుచేసే రిపేరావిడ మూడు రోజులు తంటాలు పడి వాటిని బయటికి లాగింది.

"ఈసారికి గట్టెక్కారు. ఇంకోసారైతే నా వల్ల కాదు," అంది. "మీరు అడ్మిన్‌గా కూర్చుని నెట్టు చూస్తే లోపలికొచ్చిన దొంగకీ ఆ అధికారమే వస్తుంది. ఎవరి ఖాతా వాళ్లకి పెట్టండి. నమూనాల నకలు వేరే డిస్కులో దాచండి."

కంప్యూటర్ అమ్మేవాడు ఈ ముక్క చెప్పడు. పెట్టె విప్పినవాడికి సర్వాధికారాలూ ఇచ్చేసి చేతులు దులుపుకుంటాడు. మునిగేది మనం.

కోడలు అలిగిన మామయ్య ఎదురుగా కూర్చుంది. "మిల్లులో స్విచ్‌రూమ్ తాళం ఎక్కడుండేది?"

"గోడమీద ఇనపడబ్బాలో. తీస్తే ఎందుకో పుస్తకంలో రాయాలి."

"పెద్దవారు కదా, మెళ్లో వేసుకు తిరగలేదేం?"

"మతి ఉందా నీకు? ఎక్కడో జారితే, ఎవడో తీస్తే..." మామయ్య లేచొచ్చి పీట లాక్కున్నాడు. "సరే, కంచం పెట్టు," అన్నాడు.

అడ్మిన్ పాస్‌వర్డ్ రాసిన కాగితం మామయ్య పాత పనిముట్ల పెట్టెలోకి వెళ్లింది. పక్కన ఒక నోటుపుస్తకం, పెన్సిలు.

నాలుగో రోజు కోడలు పక్క గదిలో గుడ్డ కత్తిరిస్తోంది. మామయ్య పాత పాటలు వెతుకుతున్నాడు. ఒకచోట పాట మోగలేదు. 'ఈ ప్రోగ్రాం ఎక్కిస్తేనే వినపడుతుంది' అని తెరమీద పడింది. నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది.

లేచాడు. పెట్టె తెరిచాడు. నోటుపుస్తకంలో తేదీ వేసి, 'పాట వినడానికి' అని రాశాడు. రాసింది తనే చదువుకున్నాడు. పెన్సిలు అక్కడే ఆగింది.

పాట వినిపించడానికి స్విచ్‌రూమ్ తాళం అడిగేవాడెవడు?

కాగితం ముట్టుకోకుండా పెట్టె మూసి, వచ్చి ఆ పేజీ మూసేశాడు.

"అమ్మాయీ! ఎవడో పాట పాడతానని వచ్చి తాళం అడిగాడు. పొమ్మన్నాను!"

కోడలు మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. తన ఖాతా తెరిచి చూసుకుంది. పొట్టి చేతి చొక్కా, వంగిన వెన్ను కోటు, తొమ్మిదేళ్ల గీతలూ చెక్కు చెదరలేదు. కుర్చీలో కూలబడి నవ్వేసింది.

"నవ్వుతావేం? ఆ రిపేరావిడని ఓసారి పక్కింటికీ పంపు. అక్కడ అందరూ మెళ్లో తాళాలేసుకుని తిరుగుతున్నారు."

మామయ్య మళ్లీ పెట్టె తెరిచాడు. రాసినదాని పక్కన పెద్ద అక్షరాలతో పూర్తిచేశాడు: 'ఇవ్వలేదు.'