నా పందితో ఆయన పశ్చాత్తాపం

"ఏమే డోర్కస్, రేపటికి బ్లాకీని కడిగి ఉంచు," అన్నాడు మా ఆయన బొమాయి, నేను పంది ముందు చిలగడదుంపలు పోస్తుంటే. పక్కింట్లో గొడుగు అడిగినంత తేలిగ్గా అన్నాడు.

రేపు ఆగస్టు ఇరవై ఆరు, పశ్చాత్తాప దినం. పాపువా న్యూ గినీ అంతా సెలవు. మా చింబు కొండల్లో కూడా పాస్టర్లూ నాయకులూ బడి మైదానంలో చేరి దేశం చేసిన పాపాలకు దేవుణ్ణి క్షమాపణ వేడుకుంటారు. మా ఆయన వార్డు కౌన్సిలరు కాబట్టి వేదిక ఎక్కాలి, ఏడవాలి. ఏడవడంలో ఆయనకు మంచి పేరుంది. పోయినేడు "నాయకులు ఈ దేశాన్ని తినేశారు ప్రభువా" అని చొక్కా తడిసేలా ఏడ్చి, చివర్లో ఊరందరికీ పందిని ఇచ్చాడు. వట్టి నోటితో తప్పు ఒప్పుకుంటే మా దగ్గర ఎవరూ నమ్మరు, పంది ఉండాల్సిందే. ఆ పందిని పెంచింది నేను. జనం ఆయన చేతులు పట్టుకుని ఊపుతుంటే నేను గుంటలో కాల్చిన రాళ్ళు పేర్చి, మాంసం మీద అరిటాకులు కప్పుతున్నాను. మసి చేతులు ఎవరు పట్టుకుంటారు?

బ్లాకీకి వారం రోజులప్పుడు తల్లి చచ్చిపోయింది. నా అల్లిక సంచిలో వేసుకుని, పట్టీ నుదుటికి తగిలించుకుని తోటకు మోసుకెళ్ళాను. దుంప నమిలి దాని నోట్లో పెట్టాను. ఇప్పుడు నేను దగ్గినా గుర్రుమని పలుకుతుంది. ఆయన ఒక్క దుంప వేసిన పాపాన పోలేదు కానీ, చుట్టాలొస్తే మాత్రం "నా పంది" అంటాడు.

"ఈసారి ఏ పాపానికి?" అన్నాను.

"దేశం పాపానికే. నాకేం పాపాలున్నాయి?" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు గుర్తే. ఓట్ల రోజున కూడా అలాగే నవ్వాడు. మా దగ్గర ఓటు కాయితం మీద ముగ్గురి పేర్లు రాయాలి, అందరికన్నా నచ్చినవాళ్ళది మొదటి గడిలో, ఆ తర్వాతివాళ్ళవి మిగతా రెండిట్లో. వరుసలో నా ముందు టబితా ఉంది, మా ఆరోగ్య కేంద్రం నర్సు. వార్డులో సగం మంది పిల్లలు ఆమె చేతుల్లోనే పుట్టారు. ఆయన వచ్చి మా ఇద్దరితో సహా పదకొండు మంది ఆడవాళ్ళ చేతుల్లోంచి ఓటు కాయితాలు లాక్కుని, "మూడు గళ్ళు, మూడు పేర్లు, మీకేం తెలుస్తుందమ్మా, నేను రాస్తాలెండి," అన్నాడు. అన్నిట్లోనూ మొదటి గడిలో తన పేరే. ఆయన చదివింది ఐదు, నేను ఎనిమిది. ఆయన ఉపన్యాసాలు రాసిపెట్టేది నేను. అయినా అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గే.

"నా చేతిలో కాయితం లాక్కున్నది ఏ దేశం, బొమాయీ?"

ఆయన ముఖం మాడిపోయింది. పొయ్యి దగ్గర్నుంచి మా అత్త అందుకుంది: "పంది లేకుండా కౌన్సిలరు వేదికెక్కితే ఊరు నవ్వదూ?"

"అయితే మీ అబ్బాయినే ఒకదాన్ని మేపి ఇమ్మను అత్తా. ఇది నాది. ఆయన తప్పుకి ఆయనదేదైనా ఇచ్చుకోమను."

పొద్దున ఆయన పంది లేకుండా, నేను రాసిపెట్టిన ఉపన్యాసం కూడా తీసుకోకుండా వెళ్ళాడు. చొక్కా పై గుండీ ఊడి ఉంది. పిలిచి కుట్టిద్దామని ప్రాణం కొట్టుకుంది. పిలవలేదు.

నేనూ వెనకే వెళ్ళి జనంలో నిలబడ్డాను. ఆయన వేదిక ఎక్కగానే ఎవరో అరిచారు: "కౌన్సిలరూ, పందేదయ్యా?"

"లేదు. అది డోర్కస్‌ది." గొంతు సవరించుకున్నాడు. "ఓట్ల రోజు పదకొండు మంది ఆడవాళ్ళ కాయితాలు నేను లాక్కున్నాను. వాళ్ళకు రాదన్నాను. అబద్ధం. ఆ ఓట్లు తీసేస్తే నేను ఓడిపోయినవాణ్ణే."

పాస్టరు దగ్గాడు. ఈసారి ఎవరూ మా ఆయన చెయ్యి పట్టుకోలేదు. ఆయన కళ్ళలో ఒక్క చుక్క రాలేదు. పదహారేళ్ళ కాపురంలో ఆయన ఏడవకుండా దేవుడితో మాట్లాడటం నేను అప్పుడే చూశాను. అందుకే నమ్మాను.

ఇంటికొచ్చాక దొడ్లో నా పక్కన కూలబడ్డాడు. "వచ్చే ఓట్లలో టబితా నిలబడుతుందట. నా పని అయిపోయినట్టే. నువ్వైనా నాకు ఓటేస్తావా?"

ఆయన చేతిలో ఒక దుంప పెట్టాను. "ముందు దీనికి పెట్టు."

వేళ్ళు ఎక్కడ కొరుకుతుందోనని భయపడుతూ, ముఖం పక్కకు తిప్పుకుని బ్లాకీకి తినిపించాడు మా కౌన్సిలరు. నాకు ఆయన మీద పట్టలేనంత ప్రేమ వచ్చింది. సూదీ దారం తెచ్చి, ఆయన ఒంటి మీదే గుండీ కుట్టాను. కుడుతూనే నిర్ణయించుకున్నాను. మొదటి గడిలో టబితా పేరు రాస్తాను. రెండో గడి ఆయనకే ఇస్తాను, మనిషి మంచివాడే కదా.