ఎవని బండి నీళ్ళు వాడే తాగాల

ఆదోని ఎండ అంటే ఆటలు కాదప్పా, పెనం మీద రొట్టె కత మనిషిది. ఆ ఎండలో, పత్తి యార్డు సిమెంటు బాట మీద జీపుల పందెం. గేటు కాడ్నుంచి గోదాము గోడ దాకా ఎవడు ముందు పోతే వాడిది పేరు. ఆ పాడు పేరు కోసం ఇంజన్లు ఉడికి, రేడియేటరు మూతలు ఎగిరిపోయేవి.

పోయినేడు బళ్ళారి జీపువాడు రేడియేటరులో నీళ్ళకు బదులు పచ్చమందు పోసుకొని వచ్చినాడు. అది పోస్తే ఇంజను తొందరగా ఉడకదు. సగం దావలో వాని పైపు పగిలి మందంతా బాట మీద పడింది. నీళ్ళయితే ఆ ఎండకు నిమిషంలో ఆరిపోయేవి. ఇది ఆరలేదు, ఆముదం పోసినట్లు నిలిచింది. తరువాత పందెంలో మారెప్ప జీపు దాని మీద జారి గోదాము గోడను కొట్టింది. స్టీరింగు వాని ఎదలో దిగింది. వాళ్ళన్న మద్దిలేటి ఎమ్మిగనూరు నుంచి వచ్చేలోపల పాణం పోయింది.

అందుకని ఈ ఏడు యార్డు మేస్త్రీ హుసేనప్ప కట్టడి పెట్టినాడు. రేడియేటరులో ఉత్త నీళ్ళే. ఎవని బండి నీళ్ళు వాడే అందరి ముందర ఒక గలాసు తాగాల. పచ్చమందు విషమని అందరికీ తెలుసు.

మున్వర్ మెకానిక్కు. జీపు తోలేది తమ్ముడు ఇస్మాయిల్. తల్లి అక్బర్‌బీ పోతా పోతా చిన్నోని చెయ్యి పెద్దోని చేతిలో పెట్టి పోయింది. ఆ ముదనష్టపు జీపేమో సగం దావకే పొగలు కక్కేది.

“మందు పోద్దాం భయ్యా, ఎవరికి తెలుస్తాది?” అన్నాడు ఇస్మాయిల్.

“మారెప్పను మర్సినావా? నీళ్ళే! ఇంకోసారి అడిగితే పళ్ళు రాలగొడతా.”

వినాశకాలే విపరీతబుద్ధి. చెవిన పెట్టినాడా? లేదు.

పందెం నాడు పక్క గీతలో మద్దిలేటి జీపు నిలిచింది. వాడు తన తుప్పునీళ్ళు గటగటా తాగినాడు. హుసేనప్ప వదల్లేదు. “నోరు తెరువప్పా, మింగినావో లేదో చూడాల” అన్నాడు. ఆ మాటతో ఇస్మాయిల్ మొగంలో నెత్తురు దిగిపోయింది.

తమ్ముని జీపు రేడియేటరు కింద కొళాయి తిప్పి మున్వరే గలాసు నింపి హుసేనప్పకిచ్చినాడు. తుప్పు కలిసి పచ్చ కనపడలేదు, నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. వేళ్ళ మీద పడిన చుక్కలు తుడుచుకున్నాడు. పోలేదు. వేలు మీద వేలు జర్రున జారింది.

అయ్యో దేవుడా! తలెత్తేలోపల గలాసు తమ్ముని చేతికి పోయింది. నోట్లో పోసుకొని చాటుగా ఉమ్మేద్దామనుకున్నోడు, ఇప్పుడు నలుగురిలో తల దించుకునేకంటే మింగి చచ్చేది మేలనుకున్నాడు, మూర్ఖపు నాయాలు! గలాసు పెదాలకు తగిలింది.

మున్వర్ చేతిలో స్పానరుతోనే గుద్దినాడు. గలాసు పగిలింది, పెదవి చీలింది, పళ్ళు రాలి సిమెంటు మీద పడినాయి. కింద పడినోని గొంతు పట్టుకొని “ఉమ్మురా! ఉమ్మేయ్!” అని అరిచినాడు. జనం వానికి పిచ్చి పట్టిందనుకున్నారు.

హుసేనప్ప కింద తడిని వేళ్ళతో నలిపి చూసినాడు. “మందు” అన్నాడు.

అంతే, మద్దిలేటి జాకీ రాడ్డు తీసినాడు. “నా తమ్ముని సంపిన మందు మళ్ళా తెచ్చినార్రా దొంగనాకొడుకుల్లారా!” అంటా ఇస్మాయిల్ తల మీదికి ఎత్తినాడు. మున్వర్ అడ్డం పడినాడు.

“పోసింది నేనే! వానికేం తెలీదు!”

రాడ్డు దిగింది. అడ్డం పెట్టిన కుడిచెయ్యి పత్తికట్టె మాదిరి విరిగింది. ఇంకోసారి దిగింది. ఎముక తోలు చీల్చుకొని బయటికొచ్చింది. అయినా వాడు తమ్ముని మీద నుంచి లేవలేదు. మూడోసారి రాడ్డు పైకి లేచి ఆడనే ఆగింది.

“అబద్ధం” అన్నాడు మద్దిలేటి, రొప్పుతా. “నువ్వే పోసింటే వాని చేతికి గలాసు పోనిచ్చేటోనివా?”

మున్వర్ కింద నుంచి ఇస్మాయిల్ నెత్తురు నోటితో “నేనే పోసినా, నేనే” అని ఏడుస్తాండాడు.

మద్దిలేటి రాడ్డు పారేసినాడు.

“అడ్డం పడేదానికి నీకు సందు దొరికింది మున్వరూ. నాకు దొరకలేదు.”

వాడు జీపు దిక్కు కూడా చూడకుండా ఆ బాట పొడుగునా నడిచిపోయి, గోదాము గోడకు తల ఆనించి ఏడ్చినాడు.