ఆర్బియానా నాణెం

"ఆ రాణి పేరు ఏమన్నావ్? మళ్లీ ఒకసారి చెప్పు."

ప్రవీణ ఇస్త్రీ పెట్టెను నిలబెట్టింది. అవినాష్ చొక్కా కాలరు సగంలో ఉంది. ఇంకా మూడు చొక్కాలు మిగిలి ఉన్నాయి. వంటింట్లో కుక్కర్ రెండో కూత వేసింది. పెళ్లయిన పదకొండేళ్లలో తిండికీ, గ్యాస్ బండకీ, ఈఎంఐకీ సంబంధం లేని ప్రశ్న అతను తనను అడిగిన సందర్భం ఒక్కటైనా ఉందా అని వెతుక్కోబోయి మానుకుంది. అడిగాడు కదా, చాలు.

"ఆర్బియానా. పూర్తి పేరు సలుస్టియా బార్బియా ఆర్బియానా. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి రోమ్ మహారాణి."

"అదే. వచ్చే శుక్రవారం మా ఆఫీసులో హాబీల ప్రదర్శన పెడుతున్నారు. బెంగళూరు నుంచి క్లయింట్ వాళ్లు కూడా వస్తున్నారు. నీ కాయిన్స్ పట్టుకెళ్లి చూపిస్తాను. ఏది ఏంటో ఒక పేజీ రాసిపెట్టు."

నీ కాయిన్స్ అన్నాడు. ఆ మాటను ఆమె రెండు రోజులు బెల్లంముక్కలా బుగ్గన పెట్టుకుని తిరిగింది.

ఆ ఇంట్లో వాటిని అంతవరకు ఎవరూ అలా అనలేదు. అత్తగారు పద్మావతి వాటిని చిల్లర అంటుంది. "ఆ చిల్లర డబ్బా కాస్త పక్కకు జరుపమ్మా, మినప్పప్పు పెట్టుకోవాలి." తెనాలి నుంచి చుట్టాలొస్తే ఇంకో ముక్క కూడా కలుపుతుంది, నవ్వుతూనే. "పిల్లా జెల్లా లేరు, ఈ చిల్లరొకటి!" అందరూ నవ్వుతారు. ప్రవీణ కూడా నవ్వుతుంది, నవ్వుతూ కాఫీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి పోతుంది. గచ్చిబౌలి ఆఫీసులో ఆమె టెస్టింగ్ టీముకి లీడ్. పగలంతా ఇతరులు రాసిన కోడ్‌లో తప్పులు వెతికి, సాయంత్రం ఇంటికొచ్చి చపాతీలు చేసి, సింకు కడిగి, ఆ వంటింటి గట్టు తుడిచి, దాని మీదే తువ్వాలు పరిచి నాణేలు చూసుకుంటుంది. ఆ మూడు పడగ్గదుల ఫ్లాటులో ఒకటి దంపతులది, ఒకటి అత్తగారిది, ఒకటి అవినాష్ ఇంటి నుంచి పనిచేసుకునేది. ఆమెకు మిగిలింది గట్టు.

రోమన్ నాణేల మీద ఆమెకు మనసు పడింది ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, మ్యూజియంలో. మన వైపు పొలాల్లో దొరికినవట. నాగలికి తగిలిన రాజుల ముఖాలు. అప్పటినుంచీ చదువుతూనే ఉంది. ఉద్యోగం వచ్చాక కొనడం మొదలుపెట్టింది. ధనవంతులు కొనే మెరిసే నాణేల జోలికి ఆమె ఎప్పుడూ పోలేదు. నెలకు రెండు వేలు, అంతకు మించి ఒక్క రూపాయి లేదు అని తనకు తనే గీత గీసుకుంది. ఆ డబ్బుకు చిల్లిపడ్డవి, అంచు విరిగినవి, ముఖం అరిగినవి వస్తాయి. అమ్మేవాళ్లే పేరు తేల్చలేక 'రోమన్, అస్పష్టం' అని రాసి ట్రేలో పడేసినవి వస్తాయి. డబ్బు తక్కువపడిన చోట ఆమె చదువు పెట్టేది. పుస్తకాలు, కేటలాగులు, లాటిన్ అక్షరాలు, ఏ రాణి ఏ ఏట జడ ఎలా అల్లుకునేదో. అలా పదేళ్లలో ముప్పై ఒక్కటి కూడాయి. ప్రతిదానికీ ఒక చిన్న కాగితపు కవరు, దాని మీద ఆమె గుండ్రటి చేతిరాతలో పేరు, బరువు, ముందువైపు ఏముంది, వెనకవైపు ఏముంది.

ఆర్బియానా దొరికింది కూడా అలాగే. ఒక ఫంక్షన్ హాల్లో నాణేల మేళా. సీతారామయ్యగారని, బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన, ట్రే ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అందులో ఒక అరిగిన వెండి నాణేనికి 'జూలియా మమేయా' అని చీటీ. అది మామూలుగా దొరికే రాణి, చక్రవర్తి అలెగ్జాండర్ తల్లి. గ్రీకు అలెగ్జాండర్ కాదు, ఆ పేరే ఉన్న రోమ్ చక్రవర్తి. ప్రవీణ లెన్సు పెట్టి చూసింది. అక్షరాలన్నీ పోయి మూడు నాలుగు మిగిలాయి. అందులో ఒకటి 'బి'. ఆమె గుండె ఆగినంత పనైంది. జూలియా మమేయా పేరులో 'బి' అక్షరమే లేదు.

కొనేసి వచ్చేయొచ్చు. కానీ ఉండబట్టలేక చెప్పేసింది. ఆయన కళ్లజోడు తీసి, లెన్సు పెట్టి, చాలాసేపు చూశాడు. "ముప్పై ఏళ్లుగా అమ్ముతున్నానమ్మా. పప్పులో కాలేశాను. ఇది కోడలు! అత్తగారి పేరు రాసి అమ్ముతున్నాను నేను." ఇక ధర పెరుగుతుంది, తన డబ్బు చాలదని ఆమె సంచి సర్దుకోబోతే ఆపాడు. "చదివినవాళ్లదే నాణెం. రాసిన ధరకే తీసుకో."

నాణెం తనకు దొరికిన తీరూ, ఆ కోడలి కథా అంతా ప్రవీణ అవినాష్ అడిగిన పేజీలో రాసింది. అలెగ్జాండర్‌కి పెళ్లి చేసింది తల్లే. తనతో సమానంగా కోడలికి మహారాణి బిరుదు రావడం ఆవిడకే గిట్టలేదు. రెండేళ్లు తిరక్కుండా కోడలిని ఆఫ్రికాకు వెళ్లగొట్టించింది. భర్తకు ప్రేమ ఉండేదంటారు, నోరు మాత్రం లేవలేదంటారు. ఆ రెండేళ్లలో కొట్టిన నాణేలే ఆమెకు మిగిలిన ఉనికి, అందుకే అవి అంత అరుదు. గురువారం పొద్దున అవినాష్ ఆ పేజీ చదువుకుంటూ "భలే రాశావే" అన్నాడు. శుక్రవారం ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని, ఆమె దూది పెట్టి సర్దిన డబ్బా చంకన పెట్టుకుని వెళ్లాడు. సాయంత్రం "అందరికీ తెగ నచ్చాయి" అని డబ్బా గట్టు మీద పెట్టేశాడు. తన ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండటంతో ఆ వారాంతం ఆమె ఆ డబ్బా తెరవనే లేదు.

సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో, టీములో పనిచేసే కావ్య ఫోను ముందుకు చాపింది. కావ్య భర్తది అవినాష్ కంపెనీయే.

"అక్కా, మీ సార్ గింత గ్రేట్ అని ఎప్పుడు చెప్పలేదేంది?"

వీడియోలో అవినాష్ మైకు పట్టుకుని నిలబడ్డాడు. ముందు బల్ల మీద నాణేలు. "ఇది నా పదేళ్ల తపస్సు" అంటున్నాడు. "డబ్బు తక్కువపడిన చోట నేను చదువు పెడతాను." ప్రవీణ చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. అది పేజీలో ఆమె రాసిన వాక్యం. తర్వాతదీ ఆమె వాక్యమే. "జూలియా మమేయా పేరులో బి అక్షరమే లేదు, అక్కడ నాకు గుండె ఆగినంత పనైంది" అన్నాడు, ఛాతీ మీద చెయ్యి వేసుకుని. హాలంతా చప్పట్లు. "మా ఆవిడ వీటిని చిల్లర అంటుందండీ. ఇంట్లో దాచుకోవడానికే పెద్ద యుద్ధం." హాలంతా నవ్వులు. అప్పుడు బెంగళూరు నుంచి వచ్చిన క్లయింట్ కంపెనీ డైరెక్టర్ జ్యోత్స్న ముందుకొచ్చింది. ఆర్బియానాను అరచేతిలో పెట్టుకుని ముచ్చటపడింది. "ఉంచుకోండి మేడం, మా కంపెనీ గుర్తుగా" అన్నాడు అవినాష్. ఆవిడ కవరు తిప్పి చూసి, "రాత ఎంత బాగుందో! మీదేనా?" అంది.

"చిన్నప్పటినుంచీ అలవాటు మేడం" అన్నాడతను.

కావ్య ఇంకేదో అంటోంది. ప్రవీణకు పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ మాట వినబడటం లేదు. లేచి, లిఫ్టులో కిందికి దిగి, గేటు దాటి, ఆఫీసు బస్సులు ఆగేచోట రేకుల షెడ్డు కింద నిలబడింది. ఎప్పుడు నొక్కిందో ఏమో, ఫోను లింగంపల్లిలో ఉన్న తల్లి రుక్కమ్మకు మోగుతోంది.

"ఏందే, గొంతు గట్లున్నది? పనిగంటల ఫోన్ చేసినవ్?"

"ఏం లేదమ్మా. నా నాణేలు నీకు యాదికున్నయా?"

"ఎందుకు లేవు? ముక్కు సొట్టపోయిన రాజును చూపిస్తివి గద. ఇంకొకామె, పేరు సగం పోయినామె. అత్త ఎల్లగొట్టిందంటివి. పాపం అనిపించింది." చదువు రాని మనిషి. ప్రవీణ ఒక్కసారి చూపించింది, అంతే. "ఏడుస్తున్నవా బిడ్డా?"

"లేదమ్మా" అంది. నిజంగానే ఏడుపు రావడం లేదు.

ఇంటికెళ్లి డబ్బా తెరిచింది. ముప్పై కవర్లు. వీడియోలో చూసినదే అయినా, కళ్లారా చూసేవరకు మనసులో ఎక్కడో నమ్మలేదు. ఏడింటికి అవినాష్ వచ్చాడు. పద్మావతి సోఫాలో టీవీ చూస్తోంది.

"వీడియో చూశాను" అంది ప్రవీణ.

"నీ దాకా వచ్చిందా? బాగా వచ్చింది కదా!" అతని ముఖంలో వెలుగు చూసి ఆమె తడబడింది. దొరికిపోయిన మనిషి ముఖం కాదది.

"నావి అని ఎందుకు చెప్పలేదు?"

"ప్రదర్శన ఉద్యోగులకే ప్రవీణా. మా ఆవిడవి అంటే పేరు ఎలా తీసుకుంటారు? అయినా మనింట్లో నీదేంటి, నాదేంటి?"

"ఆర్బియానాను ఇచ్చేశారు."

"ఆవిడ అంత ముచ్చటపడుతుంటే ఇవ్వకపోతే బాగోదు. అరిగిపోయిన దాన్నే కదా ఇచ్చింది, పేరు కూడా కనబడదు. నీకింకా ముప్పై ఉన్నాయిగా."

పద్మావతి టీవీ మీంచి చూపు తిప్పకుండానే అంది. "మొగుడి పేరు పైకొస్తే పెళ్లాం పేరు వచ్చినట్టే కదమ్మా. చిల్లర గురించి అంత రాద్ధాంతమా?"

ప్రవీణ అత్తగారి వైపు చూడలేదు. "ఇచ్చేముందు జరసేపన్న ఆలోచించిన్రా, నేను ఏమంటనో అని?" పదకొండేళ్లుగా 'అంటనో కాదమ్మా, అంటానో' అని అత్తగారి చేత దిద్దించుకున్న నోటిలోంచి పుట్టింటి మాట దానంతటదే వచ్చేసింది.

అవినాష్ నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. "లేదు. ఒట్టు. నిన్ను బాధపెట్టాలని కాదు. ఆ టైంలో నువ్వసలు గుర్తుకే రాలేదు."

తన తప్పు లేదనడానికి అదే సాక్ష్యమన్నట్టు చెప్పాడు. చెప్పి బూట్లు విప్పుకున్నాడు.

ఆ రాత్రీ, తర్వాత మూడు రోజులూ ప్రవీణ వండింది, ఆఫీసుకు వెళ్లింది, వచ్చింది. మోసమనుకుంటే కోపం వచ్చేది. అబద్ధమనుకుంటే అసహ్యమేసేది. దేనికైనా ఒక పేరుండేది. ఒంటి మీద తను ఇస్త్రీ చేసిన చొక్కా, నోట్లో తను రాసిన మాటలు, చేతిలో తన చేతిరాత, వాటి మధ్యలో నిలబడి ఒక మనిషికి తను గుర్తుకు రాలేదు. ఆ మాట దగ్గరికి వెళ్లినప్పుడల్లా మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల దిగిపోయినట్టు ఒళ్లు ఝల్లుమనేది. ఇన్నేళ్లలో ఇంకా ఎన్నిసార్లు గుర్తుకు రాలేదో. పిల్లల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగిన రోజుల్లో, తనచేత ప్రమోషన్ వద్దనిపించినప్పుడు, తన జీతం ఈ ఫ్లాటులో పెట్టి కాగితాలు అతని పేరున రాసుకున్నప్పుడు. ఆమె అనుకునేది, ఆలోచించే అలా చేసి ఉంటాడని. తనను ఒక పక్కన తూకం వేసి, సరిపోక తీసేసి ఉంటాడని. తక్కెడలో పెట్టనే లేదని ఇన్నాళ్లూ తోచలేదు.

గురువారం సాయంత్రం అతను గది గుమ్మంలోకి వచ్చాడు. "జ్యోత్స్న మేడం మెయిల్ పెట్టారు. ఆ 'బి'కి ముందు ఏముందని అడుగుతున్నారు, వెనకవైపు కూర్చున్న బొమ్మ ఎవరని. నీకు ఫార్వర్డ్ చేశా. ఒక నాలుగు లైన్లు రాసివ్వు, నేను పంపిస్తా."

మామూలుగా అడిగాడు. ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినట్టు. సోమవారం నాటి గొడవ అతనికి సోమవారమే అయిపోయింది.

"సరే" అంది ప్రవీణ.

గట్టు తుడిచి ల్యాప్‌టాప్ పెట్టుకుంది. 'బి'కి ముందు అరిగిన గీత 'ఆర్' అని, వెనక కూర్చున్నది దంపతుల సఖ్యతకు దేవత అని, చేతిలో ఏమేం ఉన్నాయో, ఏ అంచున ఏ గుర్తు చూడాలో అన్నీ రాసింది. ప్రశ్న మంచిది, రాస్తుంటే హాయిగా ఉంది. కింద ఇలా రాసింది: ఈ నాణేన్ని గుర్తించింది, కొన్నది, కవరు మీద రాసింది నేను. నన్ను అడగకుండా మీకిచ్చారు. నాకు అది తిరిగి కావాలి. మిగతా కవర్ల ఫొటోలు జతచేసింది, రాత పోల్చుకోవడానికి. తన పేరు పెట్టింది. అవినాష్‌కు కాపీ పెట్టి జ్యోత్స్నకు పంపించింది.

హాల్లో అతని ఫోను మోగింది. తర్వాత కుర్చీ పడిన చప్పుడు.

"ఏం చేశావో తెలుసా నీకు? నా ఉద్యోగం... నా పరువు... ఒక్క క్షణమైనా నా గురించి ఆలోచించావా?"

"అరగంట ఆలోచించాను. ఆ తర్వాతే పంపించాను" అంది.

అతను ఇంకా చాలా అన్నాడు. పద్మావతి చాలా అంది. ఆమె అన్నం వడ్డించి, తను తిని, కంచం కడుక్కుని పడుకుంది.

పొద్దున ఆఫీసు బస్సులో ఉండగా జవాబు వచ్చింది. జ్యోత్స్న క్షమాపణ చెప్పింది. ఆ రాత మీది అని నాకు తెలియదు, తెలిస్తే చెయ్యి చాపేదాన్ని కాదు అని రాసింది. అవినాష్‌తో ఏం మాట్లాడాలో తను చూసుకుంటానంది. నాణెం దూదిలో చుట్టి పెట్టాను, ఇవాళే కొరియర్ చేస్తాను, ఏ చిరునామాకు పంపను?

ప్రవీణ ఫ్లాటు నంబరు టైప్ చేసింది. అపార్ట్‌మెంటు పేరు దగ్గర వేళ్లు ఆగిపోయాయి. మొత్తం చెరిపేసి మళ్లీ రాసింది: ప్రవీణ, కేరాఫ్ రుక్కమ్మ, పాత లింగంపల్లి. రాసిందాన్ని చూసుకుని తనే ఉలిక్కిపడింది. ఇలాంటిదొకటి తన మనసులో ఉన్నట్టు ఆ క్షణం వరకు ఆమెకే తెలియదు.

మూడు రోజుల్లో అందుతుంది, సంతకం పెట్టి తీసుకోవాలి అని జ్యోత్స్న రాసింది.

తీసుకోవడానికి మనిషి అక్కడ ఉండాలి కదా. ప్రవీణ బస్సు దిగి, రోడ్డు దాటి, ఎదురువైపు లింగంపల్లి బస్సు ఆగేచోట నిలబడింది.