స్వెట్టర్లు విప్పించిన బడి

ఎనభై ఆరు డిసెంబరులో ఊర్మిళకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆరేళ్ళ కూతురు వరాలు బడి నుంచి వణుక్కుంటూ వచ్చి తల్లి ఒళ్ళో ముడుచుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. ఎర్ర స్వెట్టరు ఉండచుట్టి చంకలో పెట్టుకుంది.

"తొడుక్కోకుండా మోసుకొచ్చీసినావేటే?"

"బడీ మేడమ్ ఇప్పించీసిందమ్మా. నీలం రంగు కాదంట. ప్రేయర్‌కాడ శానామందివి ఇప్పించి వరండాలో కుప్పేసీసింది."

వాళ్ళు బతుకుతెరువుకి వచ్చిన ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు బీర్‌గావ్‌లో ఫ్యాక్టరీ వాళ్ళ పిల్లల కోసం ఒక సేఠ్ నడుపుతున్న చిన్న బడి అది. హెడ్‌మాస్టరమ్మను అందరూ బడీ మేడమ్, అంటే పెద్ద మేడమ్, అంటారు. మర్నాడు ఊర్మిళ వెళ్ళేసరికి ఆవిడ ఎండలో కుర్చీ వేయించుకుని, మందపాటి శాలువా చుట్టుకుని కూర్చుంది.

"చలిలో స్వెట్టరు విప్పించారు. పిల్లకి జ్వరం వచ్చింది మేడమ్," అంది ఊర్మిళ తనకొచ్చిన హిందీలో.

"రూల్ తో రూల్ హై. రూలంటే రూలే. మీ మద్రాసీలకు ఒకసారి చెబితే ఎక్కదు."

"మీ శాలువా కూడా నీలం కాదు కదా?"

బడీ మేడమ్ ముఖం జేవురించింది. "బయటికి నడువు!"

"నడుస్తాను. నా కూతురు కూడా ఇంక రాదు."

సాయంత్రం రోలింగ్ మిల్లు నుంచి వచ్చిన భర్త మల్లేశ్వరరావు విని తల పట్టుకున్నాడు.

"ఎనిమిదో క్లాసు సదివినావు. పిల్లకి ఇంట్లో ఏటి నేర్పుతావే?"

"ఆ బడిలో ఏటి నేర్పినారు? వణకడం నేర్పినారు!"

అయినా ఆదివారం అతనే భన్‌పురిలో పాత కాగితాలు అమ్మే రద్దీ కొట్టులో వెతికి ఒక బొమ్మల పుస్తకం తెచ్చాడు. ఏదో చలిదేశంలో శీతాకాలం. ఇళ్ళ కప్పుల మీద తెల్లటి మంచు, జారుడాట ఆడే పిల్లలు, గుహలో నిద్రపోయే ఎలుగుబంటి. కింద ఇంగ్లీషు. ఊర్మిళ కూడబలుక్కుని చదివేది. అదే మాట తెలుగులో, హిందీలో చెప్పి, సుద్దముక్కతో నేల మీద రాయించేది. నాలుగేళ్ళ నూకరాజు కూడా అక్క పక్కన బోర్లా పడుకుని గీతలు గీసేవాడు.

"మంచంటే పొద్దున్న పొగలాగుంటాది కదమ్మా? ఇలా కుప్ప ఎలా పడతాది?" అంది వరాలు.

ఊర్మిళ కూడా ఎన్నడూ చూడలేదు. అందుకని మల్లేశ్వరరావు పిల్లల్ని సైకిలు మీద ఐస్ ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు. దిమ్మలు కోసేచోట రాలిన తెల్లటి పొడి దోసిట్లో పోయించుకుని, చేతులు మొద్దుబారి, ఇద్దరూ కేకలు పెట్టారు. ఆ వారమంతా మంచు గురించిన మాటలే. అక్షరాలు వాటంతటవే వచ్చేశాయి.

ఒకరోజు వరాలు పుస్తకంలోంచి తలెత్తింది. "అమ్మా, ఈళ్ళందరివీ తలో రంగు స్వెట్టర్లు. ఈళ్ళ మేడమ్ తిట్టదేటి?"

చల్లారిందనుకున్న ఊర్మిళ కోపం భగ్గుమంది. తన పిల్ల తప్పించుకుంది సరే, మిగతావాళ్ళో?

పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ ఫులేశ్వరి మనవరాలు ఇంకా ఆ బడికే వెళ్తోంది. పదిరోజులుగా దగ్గు. ఊర్మిళ వెంటనే వాళ్ళింటికి వెళ్ళింది.

"రేపు నాతో బడికి రా, దీదీ."

"బడిలో పేరు కొట్టేస్తే?"

"పిల్ల మంచాన పడితే పేరెందుకు?"

మర్నాడు వాళ్ళిద్దరి వెనక మరో ముగ్గురు తల్లులు నడిచారు. ప్రేయర్ జరుగుతోంది. పలచటి చొక్కాల్లో పిల్లలు చేతులు చంకల్లో దాచుకుని పాడుతున్నారు. ఊర్మిళ నేరుగా వరండా ఎక్కి, ఆ రోజూ విప్పించి వేసిన కుప్పలోంచి స్వెట్టర్లు తీసి తల్లులకు అందించింది. తల్లులు వరసల్లోకి వెళ్ళి తొడిగారు. పాట ఆగిపోయింది.

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? అనాగరికులు!" అని అరిచింది బడీ మేడమ్.

"చలికి పిల్లల్ని ఏడిపించడం నాగరికమా?" అంది ఊర్మిళ అంతకంటే గట్టిగా.

కబురందుకుని సేఠ్ స్కూటరు మీద వచ్చాడు. తల్లుల్ని చూశాడు, గేటు బయట మూగిన జనాన్ని చూశాడు. "ఈ చలికాలానికి ఏ రంగైనా వేసుకోనివ్వండి, మేడమ్," అని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. తప్పయిందని ఒక్కరూ అనలేదు. జ్వరాలొచ్చిన పిల్లల ఊసే ఎవరూ ఎత్తలేదు.

వరాలును మళ్ళీ అక్కడికి పంపలేదు. జూలైలో సర్కారు బడి టీచరు పిల్ల చేత చదివించి చూసి, రెండో తరగతిలో కూర్చోబెట్టింది. నూకరాజు ఒకటిలో చేరడానికి ఇంకా ఏడాది ఉంది. ఇంటి చదువు వాడికి సాగుతూనే ఉంది.

ఆ వానాకాలం సంతలో బడీ మేడమ్ ఎదురుపడింది. "పిల్లలు బాగున్నారా?" అంది నవ్వుతూ, ఏమీ జరగనట్టే.

ఊర్మిళ ఆవిడ ముఖంలోకి సూటిగా చూసింది. ఏరుతున్న వంకాయలు తిరిగి గంపలో పడేసి, పక్క దుకాణానికి వెళ్ళిపోయింది.